ఫోనుతో వంతెన కంపనం కొలవడం ఎలా? అంకె వచ్చాక దాన్ని ఎలా చదవాలి?

"లారీ వెళ్తుంటే మా ఊరి వంతెన ఊగుతోంది, కూలిపోతుందా?" అని అడిగేవాళ్లు కొందరు. "ఫైనలియర్ ప్రాజెక్టులో ఫోను పెట్టి వంతెన ఫ్రీక్వెన్సీ తీశాం, 2 హెర్ట్జ్ వచ్చింది. వంతెన బాగున్నట్టా, పాడైనట్టా?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. వానలు మొదలయ్యాయంటే ఈ రెండు ప్రశ్నలూ తప్పవు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. ఊగని వంతెన లేదు. కాలికి ఊపు తెలిసినంత మాత్రాన అది బలహీనమని కాదు, తెలియనంత మాత్రాన గట్టిదనీ కాదు. రెండో ప్రశ్నకి జవాబు కాస్త చేదు. ఒక్కసారి కొలిచిన అంకెతో వంతెన ఆరోగ్యం ఎవరూ చెప్పలేరు. ఒక వంతెనని ఇంకో వంతెనతో పోల్చకూడదు, దాని నిరుటి కొలతతోనే పోల్చాలి. ఇక ఆ 2 హెర్ట్జ్ వంతెనది అయ్యే అవకాశం తక్కువ. దాని సంగతి కింద చెబుతాను.

సిద్ధాంతం ఒక్క పేరాలో. మృదంగం ఎడమ వైపు రవ్వముద్ద అద్దితే శ్రుతి దిగుతుంది, వార్లు బిగిస్తే ఎక్కుతుంది. వంతెనకీ అంతే. బరువు పెరిగితే దాని సహజ ఫ్రీక్వెన్సీ, అంటే తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే అంకె (పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం, కొలత హెర్ట్జ్‌లలో), తగ్గుతుంది. గట్టిదనం తగ్గినా తగ్గుతుంది. కాకపోతే సంబంధం వర్గమూలంలో ఉంటుంది. గట్టిదనం 10 శాతం పోయినా ఫ్రీక్వెన్సీ 5 శాతమే పడుతుంది. కాబట్టి 1 శాతం తేడాని పట్టుకోగలిగేంత శుభ్రంగా కొలవకపోతే ఈ పనికి అర్థం లేదు.

ఏ వంతెన మీద చేయాలి, దేని మీద వద్దు

20 నుంచి 45 మీటర్ల స్పాన్లున్న (స్పాన్ అంటే రెండు ఆధారాల మధ్య భాగం) గర్డర్ వంతెనలు, అంటే రోడ్డుని పొడవాటి దూలాలు మోసేవి, ఉక్కు పాదచారుల వంతెనలు ఫోనుకి అందుతాయి. 6 మీటర్ల స్లాబు కల్వర్టుల జోలికి పోవద్దు. అవి చాలా గట్టిగా ఉంటాయి, కదలిక అతి తక్కువ, ఫోను సొంత రొదలోనే అది మునిగిపోతుంది. పాత రాతి ఆర్చీలదీ అదే పరిస్థితి. రైలు వంతెన ఎక్కకండి. రైల్వే చట్టం 1989లో సెక్షన్ 147 ఉన్నది అనుమతి లేకుండా రైల్వే ఆవరణలో అడుగుపెట్టేవాళ్ల కోసమే. ప్రాజెక్టు కోసం అన్నా ఒప్పుకోరు.

కావలసినవి

- ఒక ఫోను. ఒకే మోడల్ ఫోన్లు రెండుంటే చాలా మంచిది.
- ఫైఫాక్స్ యాప్. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసింది, ఉచితం. సెకనుకి ఎన్ని రీడింగులు తీస్తోందో చూపించే యాప్ ఏదైనా పనికొస్తుంది.
- రెండు వైపులా అంటుకునే టేపు, చిన్న రసమట్టం, సుద్దముక్క, కొలత టేపు, చెరగని పెయింటు.
- థర్మామీటరు. ఇది లేకుండా బయల్దేరకండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.
- మెరిసే జాకెట్టు, కోన్లు, వాహనాలు చూస్తూ ఉండటానికి ఒక మనిషి.
- ఎక్సెల్ ఉన్న కంప్యూటరు. పైథాన్ వస్తే ఇంకా తేలిక.

కాలేజీ ల్యాబులో అసలైన యాక్సిలరోమీటరు (త్వరణం కొలిచే పరికరం), దాని రీడింగులు దాచే డేటా లాగర్ ఉంటే ఫోను పక్కన పెట్టి అవే వాడండి. కింద చెప్పే మిగతా విధానమంతా వాటికీ వర్తిస్తుంది.

1. అనుమతి తీసుకోండి

వంతెన ఎవరిదో కనుక్కోండి. రోడ్లు భవనాల శాఖదా, పంచాయతీరాజ్‌దా, మునిసిపాలిటీదా, జాతీయ రహదారా? ఆ డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి ఒక ఉత్తరం, వీలైతే స్థానిక పోలీస్ స్టేషనుకి ఒక ప్రతి ఇవ్వండి. తెల్లవారుజామున వంతెన మీద ఏదో అంటిస్తూ కనిపిస్తే ఎవరైనా అనుమానిస్తారు. ఉత్తరం వల్ల ఇంకో లాభం ఉంది. ఆ ఆఫీసులో డ్రాయింగులు అడగొచ్చు. స్పాన్ పొడవు, గర్డర్ల సంఖ్య, చివరిసారి తారు ఎప్పుడు వేశారు అన్న మూడు సంగతులు దొరికినా సగం పని అయినట్టే.

2. వెళ్లేముందే జవాబు అంచనా వేయండి

స్విట్జర్లాండ్‌లో కాంటియేని అనే ఇంజినీరు 224 రోడ్డు వంతెనల కొలతల నుంచి తీసిన సూత్రం ఒకటుంది. స్పాన్ మీటర్లని 0.933 ఘాతానికి ఎక్కించి, 95.4ని దానితో భాగించాలి. 20 మీటర్లకి 5.8, 30 మీటర్లకి 4, 40 మీటర్లకి 3 హెర్ట్జ్ చొప్పున వస్తుంది. అంత లెక్క వద్దనుకుంటే 100ని స్పానుతో భాగించండి, ఇంచుమించు అంతే. ఇది సగటు అంచనా మాత్రమే. మీ వంతెనది దీనికి 20, 30 శాతం అటూ ఇటూ ఉంటే కంగారు పడక్కర్లేదు. ఎక్కడ వెతకాలో చెప్పడమే దీని పని.

3. ఫోనుకి ఇంట్లో పరీక్ష పెట్టండి

రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఫోనుని కింది అంతస్తు నేల మీద పెట్టి 5 నిమిషాలు రికార్డు చేయండి. వచ్చిన విలువల ప్రామాణిక విచలనం, అంటే అవి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె, రాసిపెట్టుకోండి. అది మీ ఫోను సొంత రొద. వంతెన మీద వచ్చే విలువ దీనికి కనీసం 5 రెట్లు లేకపోతే ఆ రికార్డుని నమ్మొద్దు.

రెండు ఫోన్లుంటే పక్కపక్కనే పెట్టి బల్లని గుద్దండి. రెండింటి గీతల్లో లేచే శిఖరాలూ ఒకే చోట రావాలి. రాకపోతే ఒకదాని గడియారంలోనో రీడింగుల వేగంలోనో తేడా ఉందన్నమాట.

యాప్‌లో త్వరణం రెండు రకాలుగా కనిపిస్తుంది, గురుత్వంతో కలిపి ఒకటి, గురుత్వం తీసేసి ఒకటి. గురుత్వంతో ఉన్నదే వాడండి. రెండోది ఫోను లోపల ఏదో వడపోత చేసి ఇచ్చేది. ఆ వడపోత ఏమిటో మనకి చెప్పరు, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర అది ఏం చేస్తుందో తెలియదు. గురుత్వం ఆ విలువల సగటులో ఉంటుంది, ఆ సగటు తీసేయడం మన చేతిలో పనే. సెకనుకి 100 రీడింగులు వస్తే చాలు.

4. చోటు ఎంచుకోండి

స్పాన్ సరిగ్గా మధ్యలో, గర్డరు మీదుగా, డెక్ (రోడ్డు ఉండే పలక) అంచున. మొదటి కంపన రూపం, అంటే అన్నిటికన్నా తక్కువ ఫ్రీక్వెన్సీతో స్పాన్ మొత్తం ఒకే విల్లులా ఊగే తీరు, అక్కడే గట్టిగా కనిపిస్తుంది. రెండోది కావాలంటే నాలుగో వంతు దగ్గర పెట్టాలి, ఎందుకంటే స్పాన్ మధ్యలో దానికి కదలిక ఉండదు. బేరింగుల (గర్డరు చివర్లు ఆనే దిమ్మెల) మీద, ఎక్స్‌పాన్షన్ జాయింట్ (స్పాన్ల మధ్య వదిలే సందు) పక్కన పెట్టొద్దు. చక్రం జాయింటు దాటిన ప్రతిసారీ వచ్చే దెబ్బ తప్ప అక్కడ ఇంకేమీ వినపడదు.

రెండో ఫోనుని అదే మిడ్‌స్పాన్‌లో రోడ్డుకి అవతలి అంచున పెట్టండి. రెండు అంచులూ కలిసి పైకీ కిందికీ పోతుంటే అది వంగడం, ఒకటి పైకి వెళ్లినప్పుడు ఇంకొకటి కిందికి వస్తుంటే అది మెలి తిరగడం. దీనికోసం రెండు ఫోన్ల సమయాలూ కలవాలి. రికార్డింగు మొదలయ్యాక రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒక్క తట్టు తట్టి, తర్వాత వాటి చోట్లకి చేర్చండి. చివర్లో మళ్లీ అలాగే చేయండి.

పెట్టిన చోట పెయింటుతో గుర్తు వేసి, ఫొటో తీయండి. వచ్చే ఏడాది అదే అంగుళంలో పెట్టాలి.

5. ఫోనుని అతికించండి, పెట్టి ఊరుకోవద్దు

కవరు తీసేయండి. చోటుని తుడిచి, టేపుతో కాంక్రీటుకి నేరుగా అతికించండి. గరుకుగా ఉంటే చిన్న టైలు ముక్కని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అమర్చి, దాని మీద అతికించండి. రసమట్టం చూసుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి, వైబ్రేషన్ ఆపండి. రికార్డింగు మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే దాని మోటారు కంపనం మీ వంతెన ఖాతాలో పడుతుంది. నవ్వులాట కాదు, అలాంటి ఫైళ్లు నాకు వచ్చాయి. ఎండలో అయితే ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. తెల్లవారుజామున చేయమనడానికి ఇదో కారణం.

6. రికార్డు చేయండి

మొదటి ఫ్రీక్వెన్సీలో కనీసం 2000 ఊపులు పట్టేంత సేపు తీయాలని వాడుక. 4 హెర్ట్జ్ వంతెనకి అది 500 సెకన్లు. పది నిమిషాలు అనుకోండి. అలాంటివి మూడు తీయండి. మీరు వంతెనని కొట్టక్కర్లేదు, దూకక్కర్లేదు. గాలి, వాహనాలు ఆ పని చేసిపెడతాయి.

వాహనాలు అసలు లేకపోతే కదలిక చాలదు, బారులు తీరి ఆగితే లెక్క తప్పుతుంది. 360 టన్నుల స్పాన్ మొదటి రూపంలో కదిలే బరువు అందులో సగం, 180 టన్నులు. దాని మధ్యలో 30 టన్నులు రాయిలా కదలకుండా కూర్చుంటే ఫ్రీక్వెన్సీ 7 శాతం దాకా పడుతుంది. లారీకి స్ప్రింగులుంటాయి కాబట్టి అంత కచ్చితంగా పడదు కానీ, మనం వెతికే తేడా 1, 2 శాతం అని మర్చిపోకండి. అప్పుడప్పుడు ఒక లారీ దాటిపోయి, ఆ తర్వాత కొన్ని సెకన్లు వంతెన ఖాళీగా ఉండే వేళ అన్నిటికన్నా మంచిది. మీ మనిషి నోట్‌బుక్కులో లారీ వెళ్లిన సమయాలు రాస్తూ ఉండాలి.

పాదచారుల వంతెనకి ఇంకో దారుంది. మిడ్‌స్పాన్‌లో ఒక మనిషి ముని వేళ్ల మీద లేచి మడమలు ఒక్కసారిగా దించి, కదలకుండా నిలబడాలి. వంతెన తనంతట తాను ఊగి ఆగుతుంది. దీన్ని పదిసార్లు చేయండి. పది మందిని పోగేసి లయబద్ధంగా గెంతించకండి. అనునాదం అంటే ఏమిటో అలా తెలుసుకోవాల్సిన పనిలేదు. పాదచారుల వంతెన మీద పక్కలకి ఊగడం కూడా కొలవండి. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరిచి రెండు రోజులకే మూసేయాల్సి వచ్చింది. జనం నడకకి పక్కకి ఊగడమే కారణం. డ్యాంపర్లు (ఊపుని అణిచే పరికరాలు) బిగించి 2002లో మళ్లీ తెరిచారు.

7. లెక్క

ఫోను రీడింగులు సరిగ్గా సమాన దూరంలో రావు. ముందుగా సమయం కాలమ్‌లో పక్కపక్క విలువల తేడా చూడండి. మధ్యలో ఎక్కడైనా పెద్ద ఖాళీ ఉంటే ఆ భాగం పారేయండి. మిగిలినదాన్ని సెకనుకి సరిగ్గా 100 చొప్పున ఇంటర్‌పొలేట్ చేసి (మధ్య విలువలు అంచనా కట్టి), సగటు తీసేయండి. ఇక ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే గీత తీయాలి. ఆ గీత లేచిన చోటే శిఖరం.

పైథాన్ వాడేవాళ్లు సైపైలోని వెల్చ్ పద్ధతికి 60 సెకన్ల ముక్కలు, హాన్ విండో, సగం అతివ్యాప్తి ఇవ్వండి. పది నిమిషాల రికార్డుకి 19 ముక్కల సగటు వస్తుంది, అంకెల మధ్య దూరం 0.017 హెర్ట్జ్.

ఎక్సెల్‌లో ఫోరియర్ అనాలిసిస్ పనిముట్టు ఒక్కసారికి 4096 విలువలే తీసుకుంటుంది. సెకనుకి 100 చొప్పున అది 41 సెకన్లు. పది నిమిషాల్ని అలాంటి 14 ముక్కలు చేసి, ఒక్కొక్కదాని ఫలితం పరిమాణాన్ని వర్గం చేసి, ఆ వర్గాల సగటు తీసుకోండి. నేరుగా ఫలితాల సగటు తీస్తే సంకీర్ణ సంఖ్యలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గీత చదునుగా వస్తుంది. "శిఖరమే రాలేదు సార్" అనేవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే.

8. ఏ శిఖరం వంతెనది?

తేలిగ్గా మోసపోయే చోటు ఇదే, కాబట్టి ఇక్కడ నిదానించండి.

మనిషి నడక సెకనుకి సుమారు 2 అడుగులు, 1.6 నుంచి 2.4 దాకా. జనం నడుస్తున్న వంతెన మీద 2 హెర్ట్జ్ దగ్గర శిఖరం వస్తే అది వాళ్ల కాళ్ల చప్పుడు. మొదట చెప్పిన విద్యార్థుల అంకె అదే. 30 మీటర్ల కాంక్రీటు స్పానుకి 2 హెర్ట్జ్ రావాలంటే గట్టిదనం నాలుగో వంతుకి పడిపోవాలి. అలాంటి వంతెన మీద వాళ్లు నిలబడి కొలిచేవాళ్లే కాదు.

లారీ బాడీ తన స్ప్రింగుల మీద 2 నుంచి 4 హెర్ట్జ్ మధ్య ఊగుతుంది, ఇరుసులు 8 నుంచి 15 మధ్య. మన స్పాన్ల ఫ్రీక్వెన్సీ కూడా ఆ దగ్గర్లోనే ఉండటం మన ఖర్మ. విడదీయాలంటే నోట్‌బుక్కులో రాసుకున్న సమయాలు తీయండి. లారీ దిగిపోయాక వంతెన ఖాళీగా ఊగుతున్న సెకన్లని మాత్రమే కోసి చూడండి. అక్కడా నిలిచిన శిఖరం వంతెనది. మాయమైనది లారీది.

దగ్గర్లో 1500 ఆర్పీఎం జనరేటరు ఉంటే 25 హెర్ట్జ్ దగ్గర సూదిలాంటి సన్నని శిఖరం కనిపిస్తుంది. వంతెన శిఖరానికి కాస్త వెడల్పు ఉంటుంది, యంత్రం శిఖరానికి ఉండదు. సున్నా పక్కన కొండలాంటిది కనిపిస్తే మీరు సగటు తీసేయడం మర్చిపోయారు.

ఇంకొకటి రెయిలింగు. వంగి డెక్ మీద అతికించడం కష్టమనిపించి ఫోనుని రెయిలింగు పైపుకి కట్టేస్తారు. అప్పుడు కొలిచేది రెయిలింగునే. ఒక బృందం మూడు నెలల పాటు అలా కొలిచి, ఫ్రీక్వెన్సీ బాగా పడిపోయిందని పరుగెత్తుకొచ్చింది. వెళ్లి చూస్తే రెయిలింగు బోల్టు ఒకటి వదులైంది. పానా తెచ్చి బిగిస్తే వంతెన ఆరోగ్యం కుదుటపడింది!

9. డ్యాంపింగ్

ఊపు ఎంత త్వరగా ఆగిపోతుందో చెప్పే అంకె ఇది. లారీ వెళ్లాకో, మడమల దెబ్బ తర్వాతో ఊపు తగ్గుతూ పోయే భాగం తీసుకోండి. 10 ఊపుల్లో ఎత్తు సగమైందనుకుందాం. 2కి సహజ లాగరిథం 0.693, దాన్ని 10తో భాగించి, మళ్లీ 6.28తో భాగిస్తే 0.011, అంటే 1.1 శాతం. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు (లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన కాంక్రీటు) పాదచారుల వంతెనకి సుమారు 1 శాతం, ఉక్కుకి 0.4 శాతం ఉంటుందని డిజైన్లో అనుకుంటారు. డ్యాంపింగ్ అంకె రోజురోజుకీ బాగా మారుతుంది, ఊపు పెద్దదైతే అదీ పెరుగుతుంది. రాసిపెట్టుకోండి కానీ దాని మీద తీర్పులు చెప్పొద్దు.

10. ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి

- మూడు రికార్డుల్లో మొదటి ఫ్రీక్వెన్సీ 1 శాతం లోపు తేడాతో కలవాలి. 4 హెర్ట్జ్ అయితే 0.04. కలవకపోతే సగటు తీసి సర్దిచెప్పకండి, మళ్లీ కొలవండి.
- ముక్క పొడవు 60 నుంచి 40 సెకన్లకి మార్చినా శిఖరం కదలకూడదు.
- ఫోనుని స్పాన్ మధ్య నుంచి బేరింగు వైపు జరిపితే మొదటి శిఖరం ఎత్తు తగ్గాలి, చోటు మారకూడదు. ఎత్తు తగ్గలేదంటే అది ఈ స్పాన్ మొదటి రూపం కాదు.
- ఒకేలా కట్టిన పక్క స్పాన్‌లో కొలవండి. దగ్గరగా రావాలి. నాలుగు స్పాన్లు 4.0 దగ్గర ఉండి ఒక్కటి 3.7 దగ్గర ఉంటే పాత రికార్డు లేకపోయినా అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. పాత కొలతలు లేనివాళ్లకి నేను చెప్పే మొదటి ప్రత్యామ్నాయం ఇదే.

11. ఏడాది పాటు కొలవండి, ఉష్ణోగ్రతతో సహా

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

అమెరికాలో న్యూ మెక్సికోలోని అలమోసా కాన్యన్ వంతెన మొదటి ఫ్రీక్వెన్సీ ఒక్క రోజులోనే దాదాపు 5 శాతం మారింది. ఏ దెబ్బా తగల్లేదు, ఎండ వచ్చి పోయిందంతే. స్విట్జర్లాండ్‌లో జెడ్24 అనే వంతెనని కూల్చేముందు 1997, 98ల్లో దాదాపు ఏడాది పాటు కొలిచారు. ఉష్ణోగ్రత సున్నా కిందికి పోగానే తారు గట్టిపడి ఫ్రీక్వెన్సీ గబగబా పెరిగింది. మనకి సున్నా రాదు కానీ, రామగుండంలో మే నెల మధ్యాహ్నం తారు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి కొలిచి "ఫ్రీక్వెన్సీ పడిపోయింది" అంటే, మీరు కొలిచింది ఎండాకాలాన్ని.

అందుకని నెలకి రెండుసార్లు, సూర్యోదయానికి ముందు కొలవండి. అప్పుడు డెక్ పైనా కిందా వేడి ఇంచుమించు ఒకటిగా ఉంటుంది. ఉష్ణోగ్రతని గాలిలో కాకుండా డెక్ అడుగున కాంక్రీటుకి ఆనించి తీసుకోండి. ఏడాదికి 24 చుక్కలు వస్తాయి. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఫ్రీక్వెన్సీ పెట్టి ఎక్సెల్‌లో సరళరేఖ గీయండి. చుక్కలు ఆ రేఖ నుంచి ఎంత దూరం చెదిరాయో ప్రామాణిక విచలనం తీసి, దానికి రెండింతల దూరంలో పైనా కిందా రెండు గీతలు గీయండి. ఇక ముందు వచ్చే ప్రతి కొలతనీ ఈ పట్టీలో చూడాలి. ఉదాహరణకి 28 డిగ్రీల దగ్గర రేఖ 3.95 చెబుతూ, పట్టీ దానికి పైనా కిందా 0.04 చొప్పున ఉంటే 3.92 మామూలే, 3.84 మామూలు కాదు.

ఏ లోపం లేకపోయినా ఇరవై కొలతల్లో ఒకటి పట్టీ దాటుతుంది. ఒక్క చుక్కకి ఫోన్లు చేయకండి.

పట్టీ దాటింది. ఇప్పుడేం చేయాలి?

మరుసటి మూడు రోజులు అదే వేళకి మళ్లీ కొలవండి. అప్పటికీ బయటే ఉంటే, పగులు వెతికేముందు తారు గురించి అడగండి. 7.5 మీటర్ల రోడ్డు మీద 50 మిల్లీమీటర్ల కొత్త పొర వేస్తే మీటరుకి సుమారు 0.86 టన్నుల బరువు పెరుగుతుంది. మీటరుకి 12 టన్నులున్న స్పానుకి అది 7 శాతం, ఫ్రీక్వెన్సీ 3.5 శాతం పడుతుంది. పాత పొర తీయకుండా దాని మీదే వేసుకుంటూ పోవడం మనకి అలవాటే కాబట్టి ఇది వట్టి ఊహ కాదు. కొత్త పొర వేశాక పాత రేఖ పనికిరాదు, ఏడాది లెక్క మళ్లీ మొదటి నుంచి.

తారు కారణం కాకపోతే బేరింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, గర్డరు అడుగు భాగం చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. బేరింగు తుప్పు పట్టి బిగుసుకుపోయినా, జాయింటులో మట్టి కూరుకుపోయినా ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. కాబట్టి పట్టీ పైకి దాటితే సంతోషించకండి. అదీ జబ్బే.

నదిలో పియర్లున్న (పియరు అంటే వంతెనని మోసే స్తంభం) వంతెనకి ఇంకో కొలత జోడించండి. పియరు తలమీద, అంటే పియర్ క్యాప్ మీద, ప్రవాహం దిశలో, అంటే రోడ్డుకి అడ్డంగా కొలవాలి. వరదకి పునాది చుట్టూ మట్టి కొట్టుకుపోతే, లేదా ఇసుక తవ్వేస్తే, పియరు ఆధారం తగ్గి ఈ ఫ్రీక్వెన్సీ దిగుతుంది. డెక్ కొలతలో ఇది కనిపించదు. జపాన్ రైల్వేల్లో 30 కిలోల బరువుని వేలాడదీసి పియరు తలని కొట్టి, వచ్చిన ఫ్రీక్వెన్సీని పాత విలువతో పోల్చడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మీరు కొట్టొద్దు, ఆ పని శాఖవాళ్లు చేయించాలి. వరదకి ముందు ఒకటి, వరద తగ్గాక ఒకటి మామూలు కొలతలు తీసి ఉంచండి. మున్నేరు లాంటి ఏర్లలో వరద తీశాక నీళ్లలోకి దిగి చూసేవాళ్లు దొరికేసరికి రోజులు పడుతుంది. ఏ పియరు దగ్గర ముందు దిగాలో మీ అంకె చెప్పగలదు.

తీగల వంతెన అయితే

హైదరాబాద్ దుర్గం చెరువు వంతెన లాంటివాటిలో తీగల బిగుతు తెలుసుకోవడానికి ఇదే విద్య పనికొస్తుంది. 4ని తీగ మీటరు బరువుతో, పొడవు వర్గంతో, మొదటి ఫ్రీక్వెన్సీ వర్గంతో గుణిస్తే బిగుతు న్యూటన్లలో వస్తుంది. మీటరుకి 50 కిలోలు, 60 మీటర్ల పొడవు, 1.7 హెర్ట్జ్ అనుకుంటే 2081 కిలోన్యూటన్లు, అంటే 212 టన్నులు. తీగకి శిఖరాలు వరసగా సమాన దూరంలో వస్తాయి. ఆ దూరమే మొదటి ఫ్రీక్వెన్సీ, కాబట్టి సరిచూసుకోవడం తేలిక. పొట్టి తీగలకీ, డ్యాంపర్లు బిగించిన తీగలకీ ఈ సూత్రం ఎక్కువ చూపిస్తుంది.

ఒక హెచ్చరిక. బిగుతు అంటే తీగ మోస్తున్న బరువు, తీగలో మిగిలిన బలం కాదు. 2022 అక్టోబరు 30న కూలిన మోర్బీ వేలాడే వంతెనలో ఒక ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 ముందే తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది. పోగులు తెగుతున్నా మిగిలినవే అదే బరువు మోస్తాయి. బిగుతు అంకె పెద్దగా కదలదు.

ఈ కొలతకి కనపడనివి

1993లో అమెరికాలో ఆల్బుకర్కీ దగ్గర రియో గ్రాండే మీదున్న ఐ-40 వంతెనని కూల్చేముందు, లాస్ అలమోస్ ప్రయోగశాలవాళ్లు ఒక ఉక్కు గర్డరుని నాలుగు దశల్లో కోసి, ప్రతి కోతకీ ఫ్రీక్వెన్సీ కొలిచారు. మొదట 2.48 హెర్ట్జ్. మొదటి రెండు కోతల తర్వాత తగ్గకపోగా కాస్త పెరిగింది. గర్డరు కింది రెక్క మొత్తం తెగిన నాలుగో కోతకి గానీ 2.30కి పడలేదు. ప్రీస్ట్రెస్ తీగలు లోపల తుప్పు పట్టడం కూడా పగులు తెరుచుకునేదాకా ఈ కొలతకి అందదు.

కాబట్టి "ఫ్రీక్వెన్సీ మారలేదు, వంతెన భద్రం" అని రిపోర్టులో ఎప్పుడూ రాయకండి. "ఫలానా తేదీల మధ్య మొదటి ఫ్రీక్వెన్సీ ఉష్ణోగ్రత పట్టీలోనే ఉంది" అని రాయండి, అక్కడితో ఆపండి. కంటితో చేసే తనిఖీకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకం ఎస్‌పీ 35, బరువు పెట్టి చూసే లోడ్ టెస్టుకి ఐఆర్‌సీ ఎస్‌పీ 51 ఉన్నాయి. మీ కొలత వాటికి తోడుగా వెళ్లేదే. పట్టీ దాటిన సంగతి ఉంటే వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా, మూడు రోజుల కొలతలు, ఉష్ణోగ్రతలు, ఫోను పెట్టిన చోటు ఫొటోలు జతచేసి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

ప్రతి కొలతకీ ఈ వివరాలు ఫైలు పేరుతో పాటు రాసి ఉంచండి: తేదీ, సమయం, ఏ స్పాన్, ఏ గుర్తు దగ్గర, ఏ ఫోను, సెకనుకి ఎన్ని రీడింగులు, డెక్ అడుగు ఉష్ణోగ్రత, గాలి, వాహనాల రద్దీ, చివరిసారి తారు వేసిన నెల. వడపోసిన ఫైలుతో పాటు ముడి ఫైలు కూడా దాచండి. ఫోను మార్చేటప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కనీసం రెండుసార్లు కొలిచాకే పాతదాన్ని అమ్మండి.